ఇంగ్లీషువాళ్ల నోట మన గోల్కొండ

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లీషులో సిరిసంపదల గురించిన మాటలు చాలా ఉన్నాయి. కొన్నింటి వెనుక ఒక రాజు ఉంటాడు, కొన్నింటి వెనుక ఒక ఊరు ఉంటుంది. అపర కుబేరుడని మనం అనేవాణ్ణి వాళ్లు క్రీసస్ అంటారు. క్రీసస్ క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో, ఇప్పటి తుర్కియేలోని లిడియాను ఏలిన రాజు. ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, మన దేశంలో దండిగా కూడబెట్టుకుని సొంతూరికి వెళ్లినవాణ్ణి ‘నాబాబ్’ అన్నారు. మన నవాబే అక్కడ నాబాబ్ అయ్యాడు.

వాటిని అలా ఉంచుదాం. ఈ పూట నేను చెప్పాలనుకున్నది ఒక్క మాట గురించే. అది గోల్కొండ.

అవును, మన గోల్కొండే. ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే ఆ మాట కనిపిస్తుంది. ఎంత తీసినా తరగని సంపద దొరికే చోటు అని అర్థం రాసి ఉంటుంది. అమెరికాలో ఇల్లినాయ్‌లో ఒక గోల్కొండ ఉంది, నెవాడాలో మరొకటి ఉంది.

ఇంత పేరు వజ్రాల వల్ల వచ్చింది. 1720లలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్లేవి. అయితే ఒక సంగతి గమనించండి. గోల్కొండ కోటలో వజ్రాల గని లేదు. కోట దగ్గర కూడా లేదు. గోల్కొండ రాజధాని, వజ్రాలు చేతులు మారే చోటు. గనుల్లో బాగా పేరుమోసినది కృష్ణానది ఒడ్డున, పల్నాడులోని కొల్లూరులో ఉండేది.

17వ శతాబ్దం నడుమ టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు కొల్లూరు వెళ్లాడు. గోల్కొండ నుంచి ఏడు రోజుల ప్రయాణం. అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వేవారు. ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారు. 12, 14 అడుగుల లోతున నీరు పడగానే తవ్వకం ఆపేవారు. ఆ నీటినే తోడి, చుట్టూ పొట్టి గోడ కట్టిన మడిలో పోసిన మట్టి మీద గుమ్మరించేవారు. మట్టి నాని అంబలిలా అయ్యాక నీళ్లు వదిలేసి, ఎండబెట్టేవారు. తరువాత చేటలకెత్తి, ధాన్యం తూర్పారబట్టినట్టు గాలికి పట్టేవారు. మిగిలిన పెళ్లలను రోకళ్లతో దంచి, మళ్లీ చెరిగేవారు. ఆపైన అందరూ వరసగా కూర్చుని, చేతులతో వెదికేవారు.

చేట, రోకలి. ప్రపంచాన్ని ఊరించిన వజ్రాలు బయటపడింది మన ఇళ్లలో వాడే ఈ పనిముట్లతోనే.

టావెర్నియే మన దేశం నుంచి తీసుకెళ్లిన ఒక పెద్ద నీలి వజ్రాన్ని ఫ్రాన్సు రాజు 14వ లూయీ కొన్నాడు. ఎన్నో చేతులు మారి, చిక్కిపోయి, అది ఇప్పుడు హోప్ వజ్రం పేరుతో వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. బరువు 45 క్యారెట్ల పైచిలుకు. అది కొల్లూరుదేనని పరిశోధకుల అంచనా. కొన్న రాజు పేరు తెలుసు, అమ్మిన వర్తకుడి పేరు తెలుసు. మట్టి మోసిన తల్లి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. నాకు ఇది చాలా అన్యాయంగా తోస్తుంది. పేరంతా అంగడికి పోయింది, గనికి ఏమీ మిగలలేదు.

కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది. వెళ్లి చూద్దామన్నా కుదరదు. అందుకే ఒక చిన్న పని చేయమని కోరుతున్నాను. పిల్లలను గోల్కొండ కోటకు తీసుకెళ్లినప్పుడు, వజ్రాలు ఇక్కడే తవ్వారా అని వాళ్లు తప్పకుండా అడుగుతారు. అప్పుడు కొల్లూరు పేరు చెప్పండి. ఫోనులో మ్యాపు తెరిచి, కృష్ణ వెంట వేలు జరుపుతూ పులిచింతల ఎక్కడుందో చూపించండి.

నమస్కారం.