సర్వర్ ఒకటే, వరుసలు ఇన్నెందుకు?

సభకు నమస్కారం. నల్లగొండ, పాలమూరు హాస్టళ్లలో పాత కంప్యూటర్ మీద లైనక్స్ వేసుకొని మైన్‌క్రాఫ్ట్‌కో కౌంటర్ స్ట్రైక్‌కో సొంత సర్వర్ నడుపుతున్న విద్యార్థులు ఇక్కడ ఉన్నారు. ఒక్కసారే ప్రారంభించిన సర్వర్, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే హెచ్‌టాప్‌లో పదుల వరుసలుగా కనిపించగానే కంగారుపడి ఒక్కొక్కదాన్నీ ఆపబోయేవారిని ఉద్దేశించి నేను చెప్పదలచింది ఒక్కటే: వాటి సంఖ్య సంగతి తరువాత, ముందు ఏది ఎవరి సంతానమో, అంటే దేన్ని ఏ ప్రోగ్రాము ప్రారంభించిందో చూడండి.

ఆ వరుసల్లో చాలావరకు ప్రాసెస్‌లే (విడిగా నడిచే ప్రోగ్రాములు) కావు, థ్రెడ్‌లు, అంటే ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కనే సాగే పనులు. ఒకే రేషన్ కార్డులో ఐదు పేర్లున్నంత మాత్రాన ఐదు కుటుంబాలు కావు కదా. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ సర్వర్‌లో చెత్త మెమరీ ఏరడానికి, కోడ్ కంపైల్ చేయడానికి, నెట్‌వర్క్ పనులకు వేర్వేరు థ్రెడ్‌లు ఉంటాయి. హెచ్‌టాప్ మామూలుగా వాటిని విడివిడిగా చూపుతుంది కనుక షిఫ్ట్, హెచ్ కలిపి నొక్కితే అవి మాయమవుతాయి. అన్ని వరుసల్లోనూ ఒకే మెమరీ అంకె కనిపించడానికి కారణం అవన్నీ ఒకే మెమరీని పంచుకోవడం. దాన్ని కూడి ర్యామ్ చాలదనుకోవడం పొరపాటు. పాత లైనక్స్‌థ్రెడ్స్ పద్ధతిలో ప్రతి థ్రెడ్‌కూ నిజంగానే వేరే పీఐడీ (ప్రాసెస్ గుర్తింపు సంఖ్య) ఉండేది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌తో ఆ పరిస్థితి మారినా, ప్రతి వరుసనూ వేరే ప్రాసెస్‌గా లెక్కించమనే నాటి సలహాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఇక "చంపినా మళ్లీ లేస్తోంది" అనే ఫిర్యాదు. కౌంటర్ స్ట్రైక్ వంటి ఆటలు నడిపే సోర్స్ సర్వర్లలో ఎస్ఆర్‌సీడీఎస్_రన్ అనే స్క్రిప్టు అసలు ప్రోగ్రామును నడిపి, అది కూలితే మళ్లీ నిలబెడుతుంది. అందువల్ల పిల్లను చంపి లాభం లేదు; పీఎస్‌ట్రీ -పీ ఆదేశంతో తల్లి ఎవరో కనుక్కొని, యంత్రంలో సేవలను నడిపే సిస్టమ్‌డీ దాన్ని ప్రారంభించి ఉంటే సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ తోనే ఆపాలి.

నిజమైన జంట, అంటే ఒకే సర్వర్ రెండుసార్లు నడవడం, సాధారణంగా కరెంటు పోయి వచ్చాక బయటపడుతుంది, ఎందుకంటే పనులను వాటంతట అవే నడిపే క్రాన్‌లో, యంత్రం లేవగానే పనిచేసే రీబూట్ వరుస ఒకటి, సిస్టమ్‌డీ యూనిట్ ఒకటి, రెండూ అదే సర్వర్‌ను లేపుతాయి. మైన్‌క్రాఫ్ట్ అయితే 25565 పోర్టు (ఆటగాళ్లు చేరే నెట్‌వర్క్ ద్వారం) దొరకదని రెండోది గోల చేసి ఆగిపోతుంది. సోర్స్ సర్వర్ మాత్రం 27015 ఖాళీ లేకపోతే సద్దు చేయకుండా 27016కు జరుగుతుంది; అప్పుడు ఆటగాళ్లు రెండుచోట్ల చీలిపోయి, ఖాళీ సర్వర్‌లో ఎదురుచూస్తుంటారు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా చిక్కు. సుడో ఎస్ఎస్ -ఎల్‌యూఎన్‌పీ అని అడిగితే ఏ పోర్టు ఏ పీఐడీ చేతిలో ఉందో తెలుస్తుంది. ఎక్కువైనదాన్ని బలవంతంగా ఆపే కిల్ -9 తో కాక ముందు ఆగమని అడిగే కిల్ -15 తో ఆపండి. ఆటలోని ప్రపంచాన్ని డిస్కులో భద్రపరచే అవకాశం దానికి దక్కుతుంది. ఆ తరువాత ప్రారంభించే రెండు మార్గాల్లో ఒకదాన్ని తీసేయాలి, లేకుంటే మరుసటి కరెంటు కోతకు ఇదే కథ.

థ్రెడ్, మళ్లీ లేచేది, జంట అనే ఈ మూడింటిలో దేనికీ చెందక, సీపీయూను మింగేస్తున్నది మిగిలితే, దాని పేరును నమ్మకండి. ప్రోక్ ఫోల్డరులో ఆ పీఐడీ కింద ఎగ్జి అనే లింకు అసలు ఫైలు ఎక్కడుందో చూపుతుంది. అది తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డరును చూపితే, ఎవరో చొరబడి పెట్టిన ప్రోగ్రామని అనుమానించి, నెట్‌వర్క్ కేబుల్ తీసి, పాస్‌వర్డులు, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు మార్చి, యంత్రాన్ని మొదటినుంచి ఇన్‌స్టాల్ చేయడమే మేలు.