వహీదా రెహమాన్: ఏరువాక పాట తర్వాత

అందరికీ నమస్కారం.

వహీదా రెహమాన్ గురించి మాట్లాడమని అడగ్గానే నా చెవిలో మోగింది హిందీ పాట కాదు. "ఏరువాకా సాగారో". 1955లో వచ్చిన 'రోజులు మారాయి' సినిమాలో కొసరాజు గారు రాసి, మాస్టర్ వేణు గారు బాణీ కట్టి, జిక్కి గారు పాడిన పాట. మీలో పెద్దవాళ్ళకు ఆ పాట వింటే ఇప్పటికీ కాలు ఆగదు. ఆ పాటకు గజ్జె కట్టిన పిల్లకు అప్పటికి పదిహేడేళ్ళు. కథలో ఆమెది పెద్ద పాత్రేమీ కాదు. నాగేశ్వరరావు గారు, షావుకారు జానకి గారు నాయికానాయకులు. కానీ జనం ఆ ఒక్క పాట కోసం మళ్ళీ మళ్ళీ హాలుకి వెళ్ళారు.

ఆ అమ్మాయి మన తెర నుంచే హిందీకి వెళ్ళిందని చెప్పుకుని మనం మురిసిపోతాం. మురిసిపోవడంలో తప్పు లేదు. అయితే మన మురిపెం చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత ఆవిడ ఏం చేశారో, ఎందుకు గొప్ప నటి అయ్యారో అంతగా మాట్లాడుకోం. ఈ సాయంత్రం ఆ 'తర్వాత' గురించే చెప్పాలని వచ్చాను.

వహీదా 1938 ఫిబ్రవరి 3న తమిళనాడులోని చెంగల్పట్టులో పుట్టారు. తండ్రి ప్రభుత్వోద్యోగి. బాల్యంలో కొంతకాలం విశాఖపట్నంలో గడిచింది. చిన్నప్పుడే భరతనాట్యం నేర్చుకున్నారు. డాక్టర్ కావాలన్నది ఆమె కోరిక. ఇంకా చిన్నపిల్లగా ఉండగానే తండ్రి పోయారు. ఇల్లు గడవడం కష్టమైంది. చేతిలో ఉన్న విద్య నాట్యం, దాంతో సినిమాకి వచ్చారు. అదే 1955లో రామారావు గారి 'జయసింహ'లోనూ నటించారు.

ఇక హిందీ దర్శకుడు గురుదత్ ఆమెను చూసిన కథ చాలామందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పని మీద హైదరాబాద్ వచ్చిన గురుదత్ ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో కూర్చుని ఉండగా బయట గోల వినిపించింది. ఏమిటని అడిగితే, ఏరువాక పాటలో ఆడిన అమ్మాయి కారులో వెళ్తోంది, జనం వెంటపడ్డారు అన్నారు. ఆ అమ్మాయికి ఉర్దూ వచ్చని కూడా చెప్పారు. వెంటనే ఆమెను కలిశారు. కొన్ని నెలల తర్వాత బొంబాయి నుంచి కబురు వచ్చింది.

ఇక్కడ మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ఎందుకంటే ఈ మనిషి ఎవరో అక్కడ బయటపడింది.

బొంబాయిలో ఒప్పందం రాసుకునే రోజున పేరు మార్చుకోమన్నారు. వహీదా రెహమాన్ అన్న పేరు మరీ పొడుగైపోయింది, ఆకర్షణ లేదు అన్నారు. దిలీప్ కుమార్ మార్చుకున్నారు, మధుబాల మార్చుకున్నారు, మీనాకుమారి మార్చుకున్నారు, నీకేం అభ్యంతరం అన్నారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు మార్చుకోనని ఆమె చెప్పేశారు. అంతటితో ఆగలేదు. తనకు నచ్చని దుస్తులు వేసుకోనన్న మాట కూడా ఒప్పందంలో రాయమన్నారు. అప్పటికి ఆమె మైనర్. సంతకం పెట్టాల్సింది ఆమె కాదు, వాళ్ళమ్మ. హిందీలో ఒక్క సినిమా కూడా చేయలేదు. తండ్రి లేరు. డబ్బు అవసరం ఉంది. ఎదురుగా ఉన్నవాళ్ళు గురుదత్, రాజ్ ఖోస్లా. ఆ స్థితిలో ఒక పదిహేడేళ్ళ పిల్ల పెట్టిన షరతు అది. ఆ షరతు ఒప్పుకున్నారు కూడా. 1956లో వచ్చిన 'సి.ఐ.డి.' షూటింగ్‌లో ఒక డ్రెస్సు విషయంలో దర్శకుడు రాజ్ ఖోస్లాతో పేచీ వచ్చినప్పుడు ఆమె ఆ మాట మీదే నిలబడ్డారు.

ఇప్పుడు ఆమె పోషించిన పాత్రలు చూడండి. 'ప్యాసా'లో గులాబో, కలకత్తా వీధుల్లో ఒళ్ళు అమ్ముకునే స్త్రీ. సత్యజిత్ రాయ్ బెంగాలీలో తీసిన 'అభిజాన్'లో గులాబీ, అమ్ముడుపోయే స్థితిలో ఉన్న పల్లెటూరి ఆడది. 'ముఝే జీనే దో'లో చమేలీ, బందిపోటు ఎత్తుకుపోయిన నాట్యకత్తె. 'గైడ్'లో రోజీ, దేవదాసి కూతురు. 'తీస్రీ కసమ్'లో హీరాబాయి, నౌటంకీ అనే ఉత్తరాది జానపద నాటకం ఆడే మనిషి. తన ఒంటి మీద తనదే హక్కు అని కాగితం మీద రాయించుకున్న అమ్మాయి, నలుగురూ డబ్బిచ్చి చూసే ఆడవాళ్ళ పాత్రలు వరుసగా చేసింది. ఇందులో వైరుధ్యం ఉందని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ షరతు పెట్టిన మనిషి కాబట్టే ఆ పాత్రలు అలా చేయగలిగారు. లోకం పరువు లేదన్న ఆడదాన్ని ఆమె ఎక్కడా జాలిగా చూపించలేదు. ఊరించేలానూ చూపించలేదు. మీతో నాతో సమానంగా, ఒక మనిషిగా నిలబెట్టారు.

'ప్యాసా' 1957 నాటిది. గులాబో చేతికి ఒక కవి రాసిన కాగితాలు చిత్తుకాగితాల బేరంలో దొరుకుతాయి. ఆ సినిమా మొత్తంలో అతని కవిత్వం విలువ మొదట తెలుసుకున్నది ఆమె. చదువుకున్నవాళ్ళు, పత్రికలవాళ్ళు, సొంత అన్నదమ్ములు గుర్తించనిది ఆమె గుర్తించింది. అందులో "ఆజ్ సజన్ మోహే అంగ్ లగాలో" అన్న పాట ఉంది. పాడింది గీతా దత్. తెర మీద గులాబో పాడదు. వీధిలో ఒక కీర్తనలావిడ రాధ విరహం పాడుతూ ఉంటుంది. కవి మేడమీద పిట్టగోడ దగ్గర నిలబడి ఉంటాడు. గులాబో మెట్లెక్కి అతని వెనక దాకా వస్తుంది. చెయ్యి చాస్తుంది. తాకాలని ఉంది, తాకలేదు. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోతుంది. అంతే. ఆ నాలుగు నిమిషాల్లో ఆమె ఒక్క మాట మాట్లాడదు, ఒక్క అడుగు నాట్యం చేయదు. కానీ నాట్యం నేర్చిన శరీరానికే సాధ్యమయ్యే పని అది. వెన్నులో, మెడలో, చేతివేళ్ళలో ఎంత బిగువు ఉండాలో, ఎక్కడ వదిలేయాలో తెలిసిన మనిషి చేసిన అభినయం. ఏరువాక పాటలో కాళ్ళతో చెప్పింది, రెండేళ్ళకే కదలకుండా నిలబడి చెప్పగలిగింది.

గురుదత్‌తో ఆమె స్నేహం గురించి ఎన్నో రాతలు ఉన్నాయి. నేను వాటి జోలికి పోను. అది వాళ్ళ జీవితం. గురుదత్ 1964లో చనిపోయారు. ఆ రాతల్లో మునిగి మనం ఆమె పనిని సరిగ్గా చూడలేకపోయామన్నదే నా బాధ. 'కాగజ్ కే ఫూల్' మన దేశంలో మొదటి సినిమాస్కోప్, అంటే వెడల్పాటి తెర చిత్రం, అప్పట్లో ఆడలేదు. 'చౌదవీ కా చాంద్' బ్రహ్మాండంగా ఆడింది. రెండూ అందమైనవే. కానీ నటిగా ఆమె శిఖరం అక్కడ లేదని నా అభిప్రాయం.

అది 1965లో వచ్చిన 'గైడ్'. ఆర్.కె. నారాయణ్ నవల, విజయ్ ఆనంద్ దర్శకత్వం. రోజీ తల్లి దేవదాసి. కూతురికి పరువైన బతుకు దొరకాలని ఆ తల్లి ఆమెను పెద్ద చదువులు చదివిన పెద్దమనిషికి ఇచ్చి చేసింది. అతను గుహలూ శిల్పాలూ పరిశోధించేవాడు. రాతిలో చెక్కిన నాట్యకత్తెల్ని గంటల తరబడి చూస్తాడు, ఇంట్లో ఉన్న నాట్యకత్తెను మాత్రం ఆడనివ్వడు. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం 1947లో వచ్చింది. ఆ తర్వాత ఆ ఇళ్ళ ఆడపిల్లలు నేర్చుకున్న విద్యను దాచుకుని బతకాల్సి వచ్చిన కథలు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. అందుకే రోజీ కథ రాజస్థాన్‌లో తీసినా అది మన కథలాగే అనిపిస్తుంది.

ఆ సినిమాలో పాములవాళ్ళ ఊరికి రోజీ వెళ్ళే ఘట్టం ఉంది. అక్కడ ఒక ఆడమనిషి బూర చప్పుడుకి ఆడుతూ ఉంటుంది. రోజీ పక్కన కూర్చుని చూస్తుంది. ముందు కళ్ళు కదులుతాయి. తర్వాత ఒళ్ళు ఆగదు. లేచి వెళ్ళి కలుస్తుంది. పాట లేదు, సాహిత్యం లేదు, వాద్యం మాత్రమే. ఒంట్లో సత్తువ అయిపోయేదాకా ఆడుతుంది. అందంగా కనపడాలని ఆడినట్టు ఎక్కడా ఉండదు. ఏళ్ళ తరబడి గొంతులో ఇరుక్కున్న ఏడుపు ఒక్కసారి బయటికి వచ్చినట్టు ఉంటుంది. ఆ తర్వాతే "ఆజ్ ఫిర్ జీనే కీ తమన్నా హై" పాట. చిత్తోడ్ కోట గోడల అంచున ఆ అమ్మాయి నడుస్తుంటే పడిపోతుందేమోనని చూసేవాళ్ళకు టెన్షన్, ఆమెకు మాత్రం భయం లేదు. భర్తను వదిలి వచ్చిన స్త్రీ పాడే పాట అది. 1965లో హాల్లో కూర్చున్న సంసారులు ఆ స్త్రీని అసహ్యించుకోలేదు. ఆ ఘనత కథ రాసినవాళ్ళదీ, పాట రాసిన శైలేంద్రదీ, బాణీ కట్టిన బర్మన్ దాదాదీ, పాడిన లతా గారిదీ. అందరికన్నా ఎక్కువగా ఆ ముఖానిది. ఆ పాత్రకు ఆమెకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

మరుసటి ఏడాది 'తీస్రీ కసమ్'. ఫణీశ్వర్‌నాథ్ రేణు కథ, నిర్మాత కవి శైలేంద్ర. ఎడ్లబండి తోలే అమాయకుడు హీరామన్, అతని బండిలో సంతకు వెళ్ళే నౌటంకీ కళాకారిణి హీరాబాయి. అతను ఆమెను దేవతలా చూస్తాడు. దారిలో మహువా అనే అమ్మాయి కథ చెప్తాడు, సవతి తల్లి షావుకారుకు అమ్మేసిన పిల్ల కథ. ఇక్కడ హీరామన్‌గా రాజ్ కపూర్ చెప్తుంటే వహీదా వింటూ ఉంటారు. వినడం కూడా నటనేనని తెలియాలంటే ఆ ఘట్టం చూడాలి. అతను చెప్తున్నది తన కథేనని ఆమెకు తెలుస్తుంది, ఆ సంగతి అతనికి తెలియదు. చివర్లో రైలు స్టేషన్లో, మహువాను షావుకారు కొనేశాడు కదా అన్న మాటతో ఆమె అతని దగ్గర సెలవు తీసుకుంటుంది. ముగింపు మార్చి ఇద్దర్నీ కలపమని ఒత్తిడి వచ్చింది, శైలేంద్ర మార్చలేదు. సినిమా ఆడలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆయన కన్నుమూశారు. జాతీయ ఉత్తమ చిత్రంగా బంగారు పతకం మాత్రం ఆ సినిమాకే వచ్చింది.

మన వాళ్ళకు నచ్చే ఒక ముచ్చట చెప్తాను. 1967లో దిలీప్ కుమార్‌తో ఆమె చేసిన 'రామ్ ఔర్ శ్యామ్' మన 'రాముడు భీముడు'కు హిందీ రూపం. దర్శకుడు తాపీ చాణక్య గారు. ఆయనే కదా 'రోజులు మారాయి' తీసింది. పన్నెండేళ్ళ కింద ఒక్క పాటకు ఆడించిన అమ్మాయిని, హిందీలో అగ్ర కథానాయిక అయ్యాక ఆయన మళ్ళీ డైరెక్ట్ చేశారు. ఏరువాక బాణీ కూడా ఆమె తర్వాత ఇంకో దారిన బొంబాయి చేరింది. 1960లో 'బంబయి కా బాబూ'లో ఎస్.డి. బర్మన్ ఆ వరసనే వాడుకున్నారు, ఆశా భోంస్లే పాడారు.

1969 నాటి 'ఖామోషీ' గురించి చెప్పకుండా ముగించలేను. రాధ అనే నర్సు. ప్రేమలో దెబ్బతిని మతి చెదిరిన రోగులను ప్రేమ నటించి బాగుచేయమని డాక్టరు ఆమెకు అప్పగిస్తాడు. ఒకరికి బాగవుతుంది, వెళ్ళిపోతాడు. రెండోవాడు వస్తాడు. చివరికి అదే గదిలో రాధే రోగి అవుతుంది. తాను ఎప్పుడూ నటించలేదని ఆమె చెప్పే చోట నాకు ఎన్నిసార్లు చూసినా కళ్ళు తడుస్తాయి. ఈ కథను బెంగాలీలో సుచిత్రా సేన్ చేశారు. తెలుగులో 'చివరకు మిగిలేది'గా సావిత్రి గారు చేశారు. ముగ్గురిలో ఎవరు గొప్ప అని పోటీ పెట్టడం నాకు ఇష్టం ఉండదు. సావిత్రి గారి దుఃఖం పొంగి వస్తుంది. వహీదా గారిది లోపలికి ఇంకిపోతుంది. వీలైతే రెండూ ఒక వారంలో చూడండి.

'రేష్మా ఔర్ షేరా'కు 1971లో జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఇక ముప్పై అయిదేళ్ళకే, 1973లో 'ఫాగున్'లో జయా బాధురికి తల్లి అయ్యారు. ఆ తర్వాత హీరోయిన్ వేషాలు తగ్గిపోయాయి. 'కభీ కభీ'లో అమితాబ్‌కు భార్య, రెండేళ్ళకే 'త్రిశూల్'లో తల్లి! మన పరిశ్రమలో మగవాడి వయసు ఒకలా, ఆడదాని వయసు మరొకలా నడుస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. అంత నటికి నలభైల్లో, యాభైల్లో చేయదగ్గ పాత్రలు ఎన్ని రాసి ఉండవచ్చు! 1974లో పెళ్ళి చేసుకుని తర్వాత బెంగళూరు దగ్గర పొలంలో స్థిరపడ్డారు. మధ్యలో మన తెర మీదకూ వచ్చారు, 1974లో 'బంగారు కలలు', 1986లో కృష్ణ గారి 'సింహాసనం'. భర్త పోయాక మళ్ళీ ముంబయి చేరి 'రంగ్ దే బసంతీ', 'ఢిల్లీ 6' లాంటి సినిమాలు చేశారు. పెద్ద వయసులో అడవుల్లో తిరిగి జంతువుల ఫోటోలు తీయడం మొదలుపెట్టారు.

పద్మశ్రీ 1972లో, పద్మభూషణ్ 2011లో వచ్చాయి. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ప్రకటించింది 2023 సెప్టెంబర్ 26న. ఆ రోజు దేవ్ ఆనంద్ శతజయంతి. 'సి.ఐ.డి.'లో ఆమె మొదటి హిందీ హీరో, 'గైడ్'లో కథానాయకుడు రాజు, ఆయనే. ఆ రోజే కబురు రావడం తనకు రెట్టింపు సంతోషమని ఆవిడ అన్నారు. అప్పటికి ఆమెకు ఎనభై అయిదేళ్ళు. పేరు మాత్రం పుట్టినప్పుడు పెట్టిందే.

ఇప్పుడు లైట్లు ఆపుతారు. ముందు ఏరువాక పాట వేస్తాం. వెంటనే, మధ్యలో ఏమీ లేకుండా, 'గైడ్'లో పాములవాళ్ళ నాట్యం. రెండింటికీ మధ్య పదేళ్ళు. పాదాలు చూడకండి, అవి రెండు చోట్లా బాగానే ఉంటాయి. రెండోదానిలో ఆమె ఆడడానికి లేచే ముందు, ఇంకా కూర్చుని ఉన్నప్పుడు, ఆ కళ్ళు చూడండి.