అలారం పెట్టాం సరే, మోగుతుందా?

అందరికీ నమస్కారమండి. కోనసీమలో అగ్నిప్రమాదం అనగానే పెద్దవాళ్లకి పాశర్లపూడి గుర్తొస్తుంది, 1995లో అక్కడ గ్యాస్ బావి అదుపు తప్పి (బ్లోఅవుట్ అంటారు) 65 రోజులు మండింది. తర్వాత 2014 జూన్‌లో నగరం అనే ఊరి దగ్గర గ్యాస్ పైపులైను పేలింది. అవి మన చేతిలో లేనివి. నేను ఇవాళ చెప్పేది మన చేతిలో ఉన్నదాని గురించి, ఇంట్లో సీలింగ్‌కి బిగించుకునే స్మోక్ అలారం గురించి.

తాటాకిళ్లు పోయి డాబాలు వచ్చాక నిప్పు భయం తీరిందనుకుంటున్నాం. కొంప మొత్తం బుగ్గి కావడం తగ్గిన మాట నిజమే, కానీ డాబాలో పొగ బయటికి పోయే దారుండదు. ఏసీ వేసి తలుపులు బిగించుకుని పడుకుంటాం, మంచం పక్కన దోమల చుట్ట, హాల్లో ఛార్జింగ్‌లో స్కూటర్ బ్యాటరీ, మెట్ల కింద ఇన్వర్టర్. పరుపు అంచుకి నిప్పు తగిలిందంటే మంట కనిపించకుండానే చాలాసేపు రాజుకుంటూ పొగ చిమ్ముతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన ఉండదు, నిద్రలో ఉన్న మనిషిని ఇంకా మత్తులోకి దించేస్తుంది. పొగ వాసనకి మెలకువ వస్తుందిలే అనుకోకండి, రాదు. చప్పుడుకి వస్తుంది.

మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఇప్పుడు అమ్మానాన్నలే ఉంటున్నారు. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన కొడుకో కూతురో ఒక అలారం తెచ్చి బిగించి వెళ్తారు. కొన్నాళ్లకి అది ఉండుండి కీచుమంటుంది, బ్యాటరీ అయిపోతోందని దానర్థం. ఆ గోల భరించలేక ఎవరో ఒకరు స్టూలెక్కి బ్యాటరీ పీకేస్తారు. డబ్బా అలాగే ఉంటుంది, అలారం ఉందన్న ధీమా కూడా అలాగే ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం ఆ ధీమాతోనే.

ఈ మధ్య చెరువుల పక్కనున్న ఒక ఇంట్లో అలారం దించి చూస్తే, జాలీ నిండా దీపం పురుగుల రెక్కలు, లోపల సాలెగూడు. పురుగు దూరితే ఊరికే మోగుతుంది, జాలీ పూడుకుపోతే పొగ లోపలికే వెళ్లదు, అసలు మోగదు. మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి, తడిగుడ్డ పెట్టొద్దు. సంక్రాంతికి రంగులేసేవాళ్లు దానిమీద కూడా ఓ చెయ్యి వేసేస్తారు, దగ్గరుండి ఆపండి.

వంటింట్లో పెడితే పోపుకీ చేపల వేపుడుకీ మోగి విసిగిస్తుంది, అక్కడ వద్దు. పొయ్యికి కనీసం 10 అడుగుల దూరంలో, పడగ్గదుల్లోనూ వాటి బయటా పెట్టండి. ఫ్యాన్ రెక్కల చివర నుంచి 3 అడుగులు ఎడం ఉండాలి, లేకపోతే ఆ గాలికి పొగ అలారం దాకా చేరదు. కొనేటప్పుడు ఫోటోఎలక్ట్రిక్ రకం, అంటే వెలుతురుతో పొగని పట్టే రకం అడగండి, రాజుకునే నిప్పుని అది తొందరగా పసిగడుతుంది. పదేళ్లు దాటితే బ్యాటరీ కాదు, అలారమే మార్చాలి. ఇంకోటి, ఇది గ్యాస్ లీకుని కనిపెట్టదు. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలమీద పరుచుకుంటుంది, దానికి వేరే అలారం ఉంటుంది, నేలకి దగ్గరగా పెట్టాలి.

ప్రతి నెలా ఒకటో తారీఖున, పింఛను ఇచ్చే రోజునే పెట్టుకోండి, అలారం మీద బటన్ నొక్కండి. చెయ్యి అందకపోతే చీపురు కర్రతో నొక్కొచ్చు. మీరు నొక్కేటప్పుడు పెద్దవాళ్లని వాళ్ల గదిలోనే పడుకోబెట్టి, తలుపేసి, వినపడిందా అని అడగండి. మామూలు అలారం కూత బాగా సన్నగా, కీచుగా ఉంటుంది, వయసు మీద పడ్డవాళ్ల చెవికి ముందు దూరమయ్యేది ఆ సన్న శబ్దాలే. వాళ్లకోసం 520 హెర్ట్జ్ బొంగురు శబ్దం చేసే రకాలున్నాయి, పిల్లల్ని తెమ్మంటే అవే తెమ్మనండి.

మోగాక బయటికెళ్లే దారి కూడా చూసుకోవాలి కదండీ. రాత్రిళ్లు గ్రిల్లుకి లోపల తాళం వేసి తాళంచెవి దిండు కింద పెట్టే అలవాటుంది మనకి. పొగలో దాన్ని వెతకలేరు, తలుపు పక్కనే మేకుకి తగిలించండి, ఆ మేకు ఇంట్లో చిన్నపిల్లకి కూడా తెలియాలి. బయటికొచ్చాకే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, నగల కోసం మళ్లీ లోపలికి వెళ్లొద్దు.

రెండు రకాల అలారాలూ ఈ బల్లమీద పెట్టాను. పెద్దవాళ్లు ముందు రండి, ఒక్కోటీ నొక్కుతాను, ఏది వినపడుతోందో చెప్పండి.