పిల్ల కనపడకపోతే ఆ పూటే స్టేషనుకు

(కదిరి ప్రాంతంలో స్వయం సహాయక సంఘాల మహిళలతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సంఘాల అక్కచెల్లెళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, సచివాలయం మహిళా పోలీసులు, వెనక నిలబడిన అన్నలు, కూలి పోగొట్టుకుని మరీ వచ్చారు. సూటిగా విషయానికి వస్తాను.

ఆడపిల్లల్ని అమ్మేవాళ్లు అనగానే ముక్కూమొహం తెలియని మనిషినీ, నల్ల అద్దాల కారునూ ఊహించుకుంటాం. మన ఊళ్ల నుంచి పుణే, ముంబయి, ఢిల్లీ వ్యభిచార గృహాలకు చేరి తిరిగొచ్చిన ఆడవాళ్లను అడగండి, ఎక్కువమంది చెప్పేది తెలిసిన మనిషి గురించే. పిన్ని వరసయ్యే ఆమె. పోయినేడాది ఊరు విడిచి, ఒంటి నిండా నగలతో తిరిగొచ్చిన పక్కవీధి ఆమె. ఫోన్లో పరిచయమై పెళ్లి చేసుకుంటానన్న కుర్రాడు. శనక్కాయ ఎండిపోయిన ఏడాది, బోరు అప్పు నెత్తినున్న ఇల్లు, మొగుడు వదిలేసిన మనిషి, బడి మానేసిన పిల్ల ఎక్కడున్నారో వాళ్లకు బాగా తెలుసు. "బెంగళూరులో ఇంటిపని, తిండీ బట్టా వాళ్లే చూసుకుంటారు" అంటారు. కొంత డబ్బు ముందే చేతిలో పెడతారు. అక్కడికి పోయాక ఆ డబ్బే బాకీ అవుతుంది: "నీ మీద పెట్టింది తీర్చి కదులు" అంటారు. గల్ఫ్‌లో ఇంటిపని అని చెప్పి, పని చేసుకునే వీలు లేని విజిట్ వీసా చేతిలో పెట్టే ఏజెంటును కూడా ఇదే కంటితో చూడాలి.

మరి ఎట్లా కనిపెట్టాలి? పనికి తీసుకుపోతానన్న మనిషిని కూర్చోబెట్టి అడగండి. యజమాని పేరేంటి, ఇల్లు ఏ వీధిలో, నువ్వు ఇంతకుముందు తీసుకుపోయినవాళ్లతో ఇప్పుడే ఫోన్లో మాట్లాడించు అనండి. నిజంగా పని ఉన్నవాడు చెబుతాడు. "పోయాక తెలుస్తుందిలే అమ్మా" అన్నాడంటే ఆ ప్రయాణం ఆపేయండి. అసలు ఆధార్ కార్డు తన దగ్గర పెట్టుకుంటానన్నా, ఊళ్లో ఎవరికీ చెప్పొద్దన్నా అంతే. పోయిన పిల్ల ఫోన్ చేసినప్పుడు మాటలు గమనించండి. పక్కన ఎవరో ఉన్నట్టు పొడిపొడిగా మాట్లాడి, అడ్రసు అడగ్గానే పెట్టేస్తుంటే ఆ తల్లి గుండెకు తెలుస్తుంది. తెలిసీ మనం సర్ది చెప్పుకుంటాం.

2018లో యాదగిరిగుట్టలో జరిగింది మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. చిన్న చిన్న ఆడపిల్లల్ని కొనితెచ్చి, ఇళ్లలో పెంచి, త్వరగా ఎదగాలని హార్మోన్ ఇంజెక్షన్లు ఇప్పించారు. కొండ కింద, యాత్రికులు తిరిగే వీధుల్లోనే. అది బయటపడడానికి కారణం స్థానికుడొకరు. ఒక ఇంట్లో చిన్నపిల్లను హింసిస్తున్నారని అనుమానం వచ్చి ఫిర్యాదు చేశాడు. "వాళ్ల ఇంటి గొడవ మనకెందుకు" అనుకుని ఉంటే? నాకు ఆ కేసు మొత్తంలో మనసులో నిలిచిపోయింది ఆ ఫిర్యాదే.

ఇప్పుడు అన్నిటికంటే నొప్పి కలిగించే మాట చెబుతాను. పిల్ల సాయంత్రం ఇంటికి రాలేదు. మనం ఏం చేస్తాం? చుట్టాలకు ఫోన్లు చేస్తాం, అవీ గుసగుసగా. "నలుగురికీ తెలిస్తే పెళ్లి కాదు" అంటాడు తండ్రి. రెండు రోజులు చూద్దాం అంటాడు పెదనాన్న. ఆ రెండు రోజుల్లో పిల్ల రాష్ట్రం దాటిపోతుంది, చేతులు మారిపోతుంది. మన పరువు భయాన్ని నమ్ముకునే దళారీ వ్యాపారం చేస్తున్నాడు. అందుకే ఆ రాత్రే పోలీసుల దగ్గరకు పోండి. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదులను ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఇది మా స్టేషన్ పరిధి కాదు అని పంపేయకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాలి. ఫోటో, చివరిగా మాట్లాడిన నంబరు తీసుకుని పోండి. ఒంటరిగా పోవద్దు, సంఘం మొత్తం పోండి. పిల్లలైతే 1098, ఆడవాళ్లైతే 181, ఏ ఆపదకైనా 112.

చట్టం మాట క్లుప్తంగా. మోసంతో, బలవంతంతో, డబ్బు ఆశ చూపి మనిషిని దోపిడీకి తరలించడం భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద నేరం. 18 ఏళ్ల లోపు పిల్లను తరలిస్తే పదేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా శిక్ష. "ఇష్టపడే వచ్చింది" అన్న వాదన ఇక్కడ చెల్లదు.

తిరిగొచ్చిన మనిషి సంగతి చెప్పకుండా ముగించలేను. రెస్క్యూ అయి ఊరికి వస్తుంది. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతా బిందెలు పక్కకు జరుగుతాయి. ఇల్లు అద్దెకు దొరకదు, కూలికి పిలవరు. అప్పుడు మళ్లీ ఫోన్ చేసేది ఎవరు? ఆ దళారీయే. ఆంధ్రప్రదేశ్‌లో ఇలా బయటపడ్డ మహిళలు 'విముక్తి' అనే పేరుతో సంఘంగా ఏర్పడి తమ హక్కుల కోసం తామే మాట్లాడుతున్నారు. మీ డ్వాక్రా గ్రూపులో ఆమెకు చోటివ్వండి, లోన్ వచ్చేట్టు చూడండి. పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టించండి, ఆమె వెంట మీలో ఒకరు పోండి.

చివరగా ఒక పని. ప్రతి గ్రామ సంఘంలో ఒక నోటుబుక్కు పెట్టండి. పనికని ఊరు దాటే ప్రతి ఆడమనిషి పేరు, పోయే అడ్రసు, తీసుకుపోయే వాళ్ల ఫోన్ నంబరు, బయల్దేరిన తేదీ అందులో రాయండి. తీసుకుపోయేవాడి ఆధార్ ఫోటో మీ ఫోన్లో ఉంచుకోండి. వారానికోసారి ఆ పిల్లతో మీరే మాట్లాడండి. ఫోన్ కలవకపోతే మర్నాటికి వాయిదా వేయకుండా మహిళా పోలీసుకు చెప్పండి. మీటింగు అయ్యాక వాళ్లు ఇక్కడే ఉంటారు. మీ ఊరి నుంచి ఇప్పటికే పోయినవాళ్ల పేర్లు ఈ రోజే రాయించి పోండి.