అంబాసిడర్ హెడ్‌లైట్లకి కరెంటు ఎక్కడ పోతోంది?

హోస్ట్: రికార్డింగ్ ఆన్ అయింది బాబాయ్, మైక్ కొంచెం దగ్గరికి జరుపుకోండి. ఆ, చాలు. అందరికీ నమస్తే అండి. ఈసారి పాత కార్ల లైట్లు, వైరింగ్. మాకు వచ్చే మెసేజ్‌ల్లో సగం ఇదే గోల, అంబాసిడర్ ఉంది, ఫియట్ ఉంది, రాత్రి పూట బయటికి తీస్తే రోడ్డు కనపడి చావట్లేదు, ఏ ఎల్‌ఈడీ వేయాలో చెప్పండి అని. అందుకే విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్న మా బాబాయ్‌ని పట్టుకొచ్చి కూర్చోబెట్టా.

బాబాయ్: నమస్తే అండి. ఏ ఎల్‌ఈడీ అని అడిగేవాడిని నేను తిరిగి అడిగేది ఒకటే. బల్బు దగ్గర ఎన్ని ఓల్టులు వస్తున్నాయో చూశావా నాయనా అని. చూసినవాడు ఒక్కడూ ఉండడు.

హోస్ట్: 12 ఓల్టులు వస్తాయిగా, 12 ఓల్టుల బండేగా.

బాబాయ్: అదే నీ పొరపాటు. ఇంజన్ రేజ్‌లో ఉంటే బ్యాటరీ దగ్గర పదమూడున్నర ఉంటాయి, బాగానే ఉంటాయి. అదే బండిలో లైట్లు వేసి బల్బు హోల్డర్ దగ్గర మీటరు పెట్టి చూడు, పదకొండున్నరో పదకొండో చూపిస్తది. మరి ఆ రెండు ఓల్టులు ఏవి? దారిలో తాగేశారు. మన కాలవ నీళ్లలాగే అనుకో, బ్యారేజీ దగ్గర నిండుగానే ఉంటాయి, చివరి ఆయకట్టు రైతు దగ్గరికొచ్చేసరికి బురద తప్ప ఏం మిగలదు.

హోస్ట్: రెండు ఓల్టులకే అంత తేడా ఉంటదా?

బాబాయ్: ఉంటది మరి. ఫిలమెంట్ బల్బు లెక్క వేరు. ఓల్టేజీ 15 శాతం తగ్గితే వెలుగు కూడా 15 శాతమే తగ్గుతుందనుకుంటావు, కాదు, 40 శాతం పైన పోద్ది. పదమూడున్నర పదకొండున్నర అయిందంటే అదే పదిహేను శాతం. అంటే బల్బులో లోపం ఏం లేకుండానే సగం వెలుగు పోయినట్టే లెక్క. ఇప్పుడు నువ్వు ఇంకా పెద్ద బల్బు, ఆ 100/90 వాట్లది వేశావనుకో, అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుద్ది, అదే పాత వైర్లో ఇంకా ఎక్కువ డ్రాప్ అవుద్ది, పైగా వైరు కాలుద్ది, స్విచ్ కరుగుద్ది, డబ్బులిచ్చి మరీ బండి తగలబెట్టుకోవడం అంటే అదే.

హోస్ట్: సరే, ఆ కరెంటు పోయే దారి చెప్పండి. నా దగ్గరున్నది మార్క్ 2, 72 మోడల్.

బాబాయ్: మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టిందేగా, కరెంటు సామానంతా లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ పద్ధతి. బ్యాటరీ నుంచి సోలెనాయిడ్, అంటే సెల్ఫ్ మోటారుకి కరెంటిచ్చే స్విచ్చు, అక్కడి నుంచి కటౌట్ బాక్సు, అంటే కరెంటు తయారుచేసే డైనమోని అదుపు చేసే డబ్బా, అక్కడి నుంచి లోపల డాష్‌బోర్డు మీద లైట్ స్విచ్, మళ్లీ కిందకి దిగి డిమ్ము, బ్రైట్ మార్చడానికి కాలితో నొక్కే డిప్పర్, అది కూడా ఎక్కడ పెట్టాడు, ఫ్లోర్ మీద, క్లచ్ పక్కన, వానాకాలం చెప్పుల బురదంతా దాని మీదే, అక్కడి నుంచి మళ్లీ ముందుకొచ్చి గ్రిల్లు వెనకాల ఆ బుల్లెట్ జాయింట్లు, అంటే గుచ్చి కలిపే వైరు జాయింట్లు, అప్పుడు బల్బు. యాభై ఏళ్ల నాటి ప్రతి జాయింటు దగ్గరా పచ్చగా చిలుం పడుంటది. ఒక్కో చోట పావు ఓల్టు, అర ఓల్టు పోద్ది. అదంతా కలిపితే నీ రెండు ఓల్టులు.

హోస్ట్: ఫ్యూజు?

బాబాయ్: (నవ్వు) ఆ లూకాస్ బాక్సులో ఉన్నవి రెండే ఫ్యూజులు, రెండు స్పేరు. హెడ్‌లైట్లకి అసలు ఫ్యూజే లేదు. ఇంకో సంగతి చెప్తా, ఆ గాజు ఫ్యూజు మీద 35 అని రాసుంటది చూడు, బ్రిటిష్ ఫ్యూజు మీద రాసేది అది పేలిపోయే ఆంపియర్లు, ఆగకుండా మోసేది 17 మాత్రమే. మనవాళ్లు 35 అనుకుని ఇప్పటి 35 బ్లేడ్ ఫ్యూజు తెచ్చి వేస్తారు, అది 35 దాకా హాయిగా మోస్తది, ఈలోపు వైరు పొగొస్తది. ఫియట్ కొంచెం నయం, ఇటలీ డిజైన్ కదా, ఫ్యూజులు ఎక్కువుంటయ్. కానీ దాంట్లో ఆ ఫ్యూజు చివర్లు, పట్టుకునే రేకులు చిలుం పడతయ్, ఏడాదికోసారన్నా తీసి ఎమరీ పేపరుతో రుద్దాలి.

హోస్ట్: అయితే మొదలు ఎక్కడ పెట్టాలి? మీటరు కొన్నాననుకోండి.

బాబాయ్: మంచి మీటరే అక్కర్లేదు, మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు. లైట్లు వెలుగుతుండగానే చూడాలి, అది గుర్తుపెట్టుకో, లైటు ఆర్పి చూస్తే అన్నీ బాగానే కనపడతయ్. ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి బల్బు దగ్గర కరెంటొచ్చే టెర్మినల్ మీద పెట్టు. అక్కడ చూపించేదే నీ వైరు తాగేసిన ఓల్టేజీ. అర ఓల్టు లోపు ఉంటే పర్లేదు. తర్వాత బల్బు ఎర్త్ టెర్మినల్‌కీ, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగెళ్లే చోటుకీ, బ్యాటరీ మైనస్‌కీ మధ్య పెట్టు. 0.2 లోపు ఉండాలి. చాలా బళ్లలో ఇక్కడే ఒక ఓల్టు కనపడుద్ది.

హోస్ట్: అంటే ఎర్త్.

బాబాయ్: ఎర్తే! జనం లూకాస్‌ని తిట్టుకుంటారు, జోకులేస్తారు, నేనైతే సగం తిట్లు ఎర్త్‌కి పడాల్సినవే అంటాను. కంపెనీ నుంచి వచ్చినప్పుడు రేకు రేకుకి తగిలి ఎర్త్ అయ్యేది. నువ్వేం చేశావ్, బండిని రీస్టోర్ చేయించావ్, ఫెండర్లకి ప్రైమర్, పుట్టీ, మూడు కోట్లు పెయింటు. ఇక రేకు రేకుకి ఎక్కడ తగులుద్ది? అందుకే బాగా తళతళా మెరిసే బళ్లలోనే లైట్లు గుడ్డిగా ఉంటయ్.

హోస్ట్: నిజమే బాబాయ్, నేనెప్పుడూ అలా ఆలోచించలా.

బాబాయ్: రెండు హెడ్‌లైట్ డూముల దగ్గర్నుంచీ విడిగా నల్ల వైరు లాగి, ఒకే చోట, పెయింటు గీకిన శుభ్రమైన బోల్టు కింద బిగించి, మీద కొంచెం గ్రీజో వ్యాజిలీనో రాయి. అలాగే ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఒక అల్లిక పట్టీ ఉంటది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కదా కూర్చునేది, ఆ పట్టీ తెగిందంటే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటుకి వేరే దారి లేక యాక్సిలరేటర్ కేబులో చోక్ కేబులో పట్టుకుని పోద్ది. చోక్ కేబుల్ వేడెక్కి పొగొచ్చిన బళ్లు నేను చూశా, ఓనరేమో కార్బురేటర్ పోయిందని ఊరంతా తిరిగాడు.

హోస్ట్: సరే, ఎర్త్ అయింది. తర్వాత రిలేనా?

బాబాయ్: రిలేలే. చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చులు. రెండు రిలేలు, ఒకటి డిమ్ముకి, ఒకటి బ్రైట్‌కి. సోలెనాయిడ్ దగ్గర బ్యాటరీ కేబుల్ వచ్చే బోల్టు నుంచి రెండున్నర స్క్వేర్ మిల్లీమీటర్ల వైరు తీసుకో, తీసిన జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టు, అది రిలే 30 నంబరు పిన్నుకి. 87 నుంచి బల్బులకి. పాత వైర్లున్నాయే, నీలం మీద ఎర్ర గీత డిమ్ముది, నీలం మీద తెల్ల గీత బ్రైట్‌ది, అవి తీసుకెళ్లి 86కి ఇయ్యి, 85 ఎర్త్. అంతే. ఇప్పుడు పాత స్విచ్చూ డిప్పరూ మోసేది రిలే కాయిల్ కరెంటు మాత్రమే, పావు ఆంపియరు కూడా ఉండదు, అంతకుముందు పది ఆంపియర్లు మోసేవి. నాకైతే కుడి లైటుకీ ఎడమ లైటుకీ ఫ్యూజులు వేరువేరుగా ఉండాలి, ఒకటి పేలినా ఇంకోదాంతో ఇంటికొస్తావు, లేకపోతే హైవే మీద ఒక్కసారి చీకటైపోద్ది, ఆ సరదా వద్దు.

హోస్ట్: ర్యాలీలకి తీసుకెళ్లేవాళ్లు ఒరిజినల్ పోద్దని భయపడతారు.

బాబాయ్: పాత వైరు ఒక్కటీ కోయక్కర్లేదయ్యా. బుల్లెట్ జాయింటు ఊడదీసి రిలేకి పెట్టుకుంటావు, రేపు వద్దనుకుంటే తీసి మళ్లీ అక్కడే గుచ్చుతావు. రిలేలు గ్రిల్లు వెనకాల కనపడకుండా పెట్టేస్తాం.

హోస్ట్: ఇక్కడ ఒక మాట నేను చెప్తాను వినేవాళ్లకి. 2021లో సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్ మార్చారు, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, కమర్షియల్ కాని బండికి వీఏ అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు, కొత్తగా చేయిస్తే ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుద్ది. దాంట్లో కండిషన్ ఏంటంటే చాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చి ఉండకూడదు. రిలేలు పెట్టుకుంటే దాని జోలికి పోనట్టే, కానీ పెద్ద ప్రొజెక్టర్ లైటు పట్టట్లేదని ఫెండర్ రేకు కోసేవాళ్లు ఉన్నారు, వాళ్లు ఆలోచించుకోండి. ఇంకోటి, ఆ నంబరు తీసుకుంటే రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడం కుదరదు.

బాబాయ్: రేకు కోయడం పాపం.

హోస్ట్: సరే ఇప్పుడు అసలు గొడవ. ఎల్‌ఈడీ. నేను వేయాలనుకుంటున్నా, మీరు వద్దంటున్నారు, ఎందుకు?

బాబాయ్: వద్దనట్లా, ఎక్కడ వేస్తున్నావన్నది చూడమంటున్నా. హెడ్‌లైట్ డూములో ఆ అద్దం, ఆ గిన్నె, అవి ఫిలమెంటు ఎక్కడుంటదో లెక్కేసి చేసినవి, మిల్లీమీటరు తేడా వచ్చినా ఫోకస్ చెడుద్ది. హెచ్ 4, అంటే డిమ్మూ బ్రైటూ ఒకే బల్బులో ఉండే రకం, దాని హోల్డర్లో ఎల్‌ఈడీ గుచ్చితే వెలుగు ఎక్కువే వచ్చినట్టుంటది, బండి ముందు పది గజాలు తెల్లగా మెరుస్తది, ఆ మెరుపుకి నీ కన్ను మూసుకుని దూరంగా ఉన్న గేదె కనపడదు. ఎదురొచ్చేవాడి కళ్లలో పడేది వేరే.

హోస్ట్: ఈ మధ్య కొన్ని మంచివి వస్తున్నాయి బాబాయ్, చిప్ సరిగ్గా ఫిలమెంటు స్థానంలో పెట్టి. నేను గోడ మీద వేసి చూశా, కటాఫ్, అంటే వెలుగు పై అంచు, బానే వచ్చింది.

బాబాయ్: గోడ మీద బానే వస్తే నాకేం అభ్యంతరం. వంద రకాల్లో ఎన్ని అలా వస్తయ్? నా మాట అయితే మంచి కంపెనీ 7 ఇంచీల డూము, హెచ్ 4 60/55 మామూలు హాలోజన్, రిలేలు, ఎర్త్. ముందు ఇది చేసి ఒక రాత్రి తిరుగు. ఆ తర్వాత కూడా చాలకపోతే అప్పుడు రా. ఇంకోటి, డూము కొనేటప్పుడు ఆన్‌లైన్లో అమెరికాదో జర్మనీదో తెప్పించకు. వాళ్లు రోడ్డుకి కుడి పక్కన నడుపుతారు, వాళ్ల డిమ్ము కుడి వైపుకి లేచి ఉంటది, మన దగ్గర అది సరిగ్గా ఎదురొచ్చేవాడి మొహాన కొడుతుంది. ఎడమకి లేచేది అడిగి తీసుకో.

హోస్ట్: ఇది మాత్రం నాకు తెలీదు. మరి ఎల్‌ఈడీ ఎక్కడ వేయమంటారు?

బాబాయ్: వెనకాల. బ్రేకు లైట్లు, పార్కింగు, డాష్‌బోర్డు. అక్కడ లాభం ఉంది, ఎందుకంటే నీది డైనమో బండి. లూకాస్ సీ 40 డైనమో మొత్తం ఇచ్చేదే 22 ఆంపియర్లు, అది కూడా ఇంజన్ రేజ్‌లో ఉంటే. ఐడ్లింగ్‌లో సున్నా, బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగావంటే అంతా బ్యాటరీ మీదే. హెడ్‌లైట్లు పది, ఇగ్నిషన్ కాయిల్ మూడు నాలుగు, వైపరు ఇంకో మూడు, పార్కింగులు రెండు, బ్రేకు తొక్కితే 21 వాట్లవి రెండు, అంటే మూడున్నర. కూడుకో. వాన పడే రాత్రి ట్రాఫిక్‌లో పాత డైనమో బండి బ్యాటరీ ఎందుకు దిగుద్దో ఇప్పుడు అర్థమైందా?

హోస్ట్: అందుకే అందరూ డైనమో తీసేసి, ఐడ్లింగ్‌లో కూడా కరెంటిచ్చే ఆల్టర్నేటర్ వేయించుకుంటున్నారు.

బాబాయ్: రోజూ తిప్పేవాడు వేయించుకోవాలి, నేనే వేస్తాను, దానికి తగ్గట్టు మెయిన్ వైరు కూడా లావుది వేయాలి, అది మర్చిపోతారు. నెలకోసారి తీసేవాడికి ఎల్‌ఈడీ టెయిల్ లైట్లు చాలు. ఎర్ర అద్దం వెనకాల ఎర్ర ఎల్‌ఈడీనే పెట్టాలి, తెల్లది పెడితే పాలిపోయిన గులాబీ రంగు వస్తది. ఇండికేటర్లకి వేస్తే, వాటిని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ పనిచేయదు, అది బల్బు లాగే కరెంటుకి వేడెక్కి కొట్టుకునే రకం, ఎల్‌ఈడీ లాగే కరెంటు దానికి ఆనదు, అలాగే వెలిగి ఉండిపోద్ది లేకపోతే అసలు వెలగదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేసుకోవాలి.

హోస్ట్: పాజిటివ్ ఎర్త్ బళ్ల సంగతి?

బాబాయ్: ఆఁ, బాగా గుర్తు చేశావ్. అప్పటి బ్రిటిష్ బళ్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి కట్టేవాళ్లు. కాబట్టి ఏం చేసినా ముందు బానెట్ ఎత్తి, బాడీకి కట్టింది ప్లస్సా మైనస్సా చూడాలి. మామూలు బల్బుకి, మామూలు రిలేకి ఎటైనా ఒకటే. ఎల్‌ఈడీకి, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్‌కి, నువ్వు పెట్టుకునే ఆ ఫోన్ చార్జర్‌కి ఒకటి కాదు, మాడిపోతయ్.

హోస్ట్: ఇక వైరింగ్ కిట్టు మొత్తం మార్చాలా వద్దా? నాది గుడ్డ చుట్టిన పాత వైరు, ముట్టుకుంటే లోపల రబ్బరు పొడి రాలుతోంది.

బాబాయ్: పొడి రాలితే ఇంక మాటల్లేవు, మార్చాల్సిందే, ఎలకలు కొరికినా మార్చాల్సిందే. షెడ్డులో ఊరికే పెట్టిన బండికి ఎలకని మించిన శత్రువు లేదు. కిట్టు వేసేటప్పుడు రంగులు మాత్రం మార్చకు. గోధుమ రంగు నేరుగా బ్యాటరీ నుంచి, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ ఫ్యూజు దాటిన ఇగ్నిషన్, ఎరుపు పార్కింగు, నీలం హెడ్‌లైటు, నలుపు ఎర్త్. ఈ లెక్క తప్పకపోతే ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఎవడు బానెట్ ఎత్తినా అర్థమవుద్ది. కొంతమంది చవగ్గా వస్తుందని ఇళ్లకి వేసే వైరు, అంతా ఎర్రదే, బండికి వేస్తారు. దాంట్లో పోగులు తక్కువ, బిరుసుగా ఉంటది, బండి వణుకుడికి లోపల్లోపలే తెగుద్ది. ఆటో వైరే వాడాలి.

హోస్ట్: జాయింట్లు సోల్డరింగా, క్రింపింగా?

బాబాయ్: క్రింపింగ్, అంటే టెర్మినల్‌ని వైరు మీద నొక్కి బిగించడం. మంచి ప్లయ్యరుతో. సోల్డర్ చేస్తే సీసం వైర్లోకి పాకి ఆ చోట కర్రలా బిగుసుకుంటది, దాని పక్కనే విరుగుద్ది. కొందరు ఒప్పుకోరులే, వాళ్ల చేతి వాటం వాళ్లది. టేపు విషయంలో మాత్రం గట్టిగా చెప్తా, జిగురు టేపు చుట్టొద్దు, మన ఎండలకి బెజవాడలో రెండు వేసవులు చాలు, జిగురంతా కారి చేతికి అంటుకుంటది. జిగురు లేని హార్నెస్ టేపు ఉంటది, లేదా స్లీవ్. రేకు కన్నంలోంచి వైరు వెళ్లే ప్రతి చోటా గ్రోమెట్, అంటే రబ్బరు రింగు, ఉండాలి. బ్యాటరీకి కరెంటు మొత్తం ఆపేసే ఒక కటాఫ్ స్విచ్ పెట్టించుకో, ఇంటికొచ్చాక తిప్పేసి పడుకో.

హోస్ట్: అంతా అయ్యాక ఫోకస్ సెట్టింగ్ ఎలా?

బాబాయ్: చదునైన నేల, గోడకి 25 అడుగుల దూరం, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. డూము మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో గోడ మీద గీత గీయి, డిమ్ము వెలుగు పై అంచు దానికంటే ఒక మూడంగుళాలు కింద పడాలి. కాకపోతే అంబాసిడర్‌కి ఒక తిరకాసుంది, వెనకాల పట్టీ స్ప్రింగులు కదా, నువ్వొక్కడివే ఉండి సెట్ చేసి, తర్వాత పెళ్లికని వెనక సీట్లో నలుగుర్నీ, డిక్కీలో సామానునీ ఎక్కించావంటే తోక దిగి ముక్కు లేస్తది, డిమ్ము కూడా బ్రైట్ లాగే కొడతది. అందుకని సెట్ చేసేటప్పుడే మామూలుగా ఎంతమంది తిరుగుతారో అంతమందిని కూర్చోబెట్టు.

హోస్ట్: మా ఇంట్లో అందర్నీ ఎక్కించాలంటే ఆదివారం అవ్వాలి.

బాబాయ్: ఆదివారమే తీసుకురా, చీకటి పడ్డాక. బ్యాటరీ మాత్రం ఫుల్ చార్జింగ్ పెట్టించి తీసుకురా, లేకపోతే ఆ మీటరు చూపించే లెక్కలన్నీ తప్పే.