చెప్పాల్సింది చెప్పకపోవడమూ మోసమే
(హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం సమావేశంలో న్యాయవాది ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ చుట్టుపక్కల పాత ఫ్లాట్లు బాగా చేతులు మారుతున్నాయని సెక్రటరీ గారు చెప్పారు. అందుకని ఈరోజు బిల్డర్ల సంగతి పక్కనపెట్టి, ఒక కుటుంబం ఇంకో కుటుంబానికి అమ్మే ఇంటి గురించే మాట్లాడతాను.

"కొనేవాళ్లే అన్నీ చూసుకోవాలి, అమ్మాక మాకేం సంబంధం?" అనే మాట బయానా ఇచ్చే రోజు నుంచి రిజిస్ట్రేషన్ దాకా వినిపిస్తూనే ఉంటుంది. చట్టం అలా అనలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఏమంటుందంటే, ఇంట్లో గానీ దాని హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవాళ్లకు తెలిసి, కొనేవాళ్లకు తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడనిదైతే, అమ్మేవాళ్లే నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే అది మోసమని అదే సెక్షన్ చివర్లో సూటిగా రాసి ఉంది. మామూలు ఒప్పందాల్లో ఊరికే మౌనంగా ఉంటే మోసం కాదని 1872 కాంట్రాక్టు చట్టం అంటుంది. చెప్పాల్సిన బాధ్యత ఉన్నచోట మాత్రం మౌనం కూడా మోసమే. ఇల్లు అమ్మేటప్పుడు ఆ బాధ్యత ఉంది.

ముఖ్యమైన లోపం అంటే? అది ముందే తెలిసుంటే కొనేవాళ్లు వెనక్కి తగ్గేంతటిది. కిటికీ గడియ సరిగా పడకపోవడం ఇందులోకి రాదు. హాల్లో గోడకు కనబడుతున్న పగులూ రాదు, ఎందుకంటే చూసినవాళ్లకు తెలిసిపోతుంది. కానీ పై ఫ్లాట్ బాత్రూం నుంచి ఏళ్ల తరబడి స్లాబ్‌లోకి నీళ్లు దిగుతుంటే, అమ్మకానికి పెట్టే ముందు లప్పం పెట్టి రంగు వేయించి, "ఇల్లు ఫ్రెష్‌గా ఉంది చూడండి" అనడం వేరే సంగతి. లోపాన్ని చెప్పకపోవడం ఒకటి, పనిగట్టుకుని కప్పేయడం ఇంకొకటి. ప్రతి వానాకాలం సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయని మార్చి నెలలో ఇల్లు చూడటానికి వచ్చిన వాళ్లకు ఎలా తెలుస్తుంది? 2020 అక్టోబర్ వరదల్లో మునిగిన కాలనీల్లో ఇల్లు అమ్మేవాళ్లు ఆ మాట దాచకూడదు.

గోడల కంటే నన్ను ఎక్కువ భయపెట్టేవి కాగితాలు. అందరూ ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించే సర్టిఫికెట్, తీస్తారు, అందులో ఏమీ లేకపోతే ఊపిరి పీల్చుకుంటారు. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. అమ్మేవారి చెల్లెలు తన వాటా కోసం వేసిన భాగపంపకాల దావా మామూలుగా అక్కడ కనబడదు. దావా నడుస్తుండగా కొన్నవాళ్లు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందేనని అదే ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ అంటుంది. అంటే అన్నయ్య దగ్గర డబ్బు పెట్టి కొన్న కుటుంబం, తమకు ఏమాత్రం సంబంధం లేని అన్నాచెల్లెళ్ల గొడవలోకి వెళ్లి పడుతుంది. అలాంటి దావా ఉందని తెలిసీ చెప్పకుండా అడ్వాన్స్ తీసుకోవడం కంటే పెద్ద అన్యాయం ఈ వ్యవహారంలో నాకు కనబడదు.

మున్సిపాలిటీ నుంచి వచ్చిన నోటీసులూ అంతే. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ అమ్ముతూ "టాక్స్ కడుతున్నాం కదా" అంటారు. పన్ను కట్టినంత మాత్రాన అనుమతి లేని నిర్మాణం సక్రమం అయిపోదు. స్థలం చెరువు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, పరిధిలో ఉందని నోటీసు అందుకున్నవాళ్లు దాన్ని బీరువాలో పెట్టి ఇల్లు అమ్మితే, 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక అది ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆస్తికి సొంత దారి లేదన్న విషయం చెప్పకుండా అమ్మకానికి పెట్టిన హర్యానా ప్రభుత్వ ఆర్థిక సంస్థ ఒకటి ఇదే 55వ సెక్షన్ కింద సుప్రీంకోర్టులో ఓడిపోయింది. ప్రభుత్వ సంస్థకే మినహాయింపు దొరకలేదు.

ఇక ఈ చట్టంలో బలహీనత ఎక్కడుందో కూడా చెప్పాలి. లోపం వాళ్లకు ముందే తెలుసని మీరు రుజువు చేయాలి. అక్కడే కేసులు చతికిలబడతాయి. "మాకూ తెలియదండీ" అంటే ఏం చేస్తారు? పైగా ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఈ సెక్షన్ వర్తించకపోవచ్చు. "ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాము" అనే వాక్యం అగ్రిమెంట్లో అందుకే పెడతారు. తెలిసి దాచినదాన్ని ఆ ఒక్క వాక్యం కడిగేస్తుందని నేను అనుకోను, కానీ దాని మీద ఏళ్ల తరబడి వాదించుకోవాలి. సంతకం పెట్టే ముందే కొట్టేయించండి.

దీనికి విరుగుడు అదే సెక్షన్లో ఉంది. ఆస్తి గురించి, హక్కు గురించి కొనేవాళ్లు అడిగిన ప్రశ్నలకు తమకు తెలిసినంతవరకు జవాబు చెప్పడం అమ్మేవాళ్ల బాధ్యత. కాబట్టి రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్‌లోనైనా సరే. కోర్టు కేసులున్నాయా, నోటీసులొచ్చాయా, మెయింటెనెన్స్ బకాయిలెంత, నీళ్లు ఎక్కడైనా కారుతున్నాయా, బోరు వేసవిలో ఎండుతుందా, ఒరిజినల్ డాక్యుమెంట్లు ఎవరి దగ్గరున్నాయి? అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. జీవితకాలం పొదుపు అంతా అక్కడ పోస్తున్నారు. కాలిఫోర్నియాలో ఇల్లు కొన్న మనవాళ్లను అడగండి, అక్కడ అమ్మేవాళ్లు లోపాలన్నీ ఒక ఫారంలో నింపి ఇవ్వడం చట్టప్రకారమే తప్పనిసరి. మనకు అలాంటి ఫారం లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను, అప్పటిదాకా మీ సంఘమే ఒక నమూనా తయారు చేసుకోవచ్చు.

అమ్మేవాళ్లకు ఒక మాట. లీకేజీ ఉందని చెబితే ధర కొంత తగ్గుతుందేమో. దాన్ని అగ్రిమెంట్లో రాసి కొనేవాళ్ల సంతకం తీసుకుంటే, రేపు దాని మీద మిమ్మల్ని కోర్టుకు లాగడం చాలా కష్టం. దాచితే మాత్రం, మోసం బయటపడిన రోజు నుంచి మూడేళ్ల గడువు లెక్క మొదలవుతుంది. అమ్మి ఎన్నేళ్లయిందన్న ధీమా అక్కడ పనికిరాదు.

ఫ్లాటు బిల్డర్ దగ్గరే కొన్నవాళ్ల సంగతి వేరు. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, పరిధిలోని ప్రాజెక్టయితే, అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్న పాత ఇళ్ల అమ్మకాలకు, అంటే ఒక ఓనరు ఇంకొకరికి అమ్మేవాటికి, ఆ రక్షణ అలా దొరకదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. అగ్రిమెంట్ కాపీలు తెచ్చినవాళ్లుంటే, అడ్వాన్స్ ఇంకా ఇవ్వనివాళ్లవి ముందు చూస్తాను.