పిల్లల వాంగ్మూలం: అడిగే తీరు, రాసే తీరు

సభకు నమస్కారం. విజయనగరం జిల్లాలోని ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, గ్రామ సచివాలయాల మహిళా పోలీసులు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులు చేపడుతున్న న్యాయవాదులు ఒకచోట కూర్చోవడం అరుదు. అందుకని శిక్షల జోలికి పోకుండా, మీ అందరికీ ఎదురయ్యే ఒక్క విషయానికే పరిమితమవుతాను. ఒక బిడ్డపై లైంగిక వేధింపు జరిగిందన్న అనుమానం కలిగినప్పుడు ఆ బిడ్డను ఏమని అడగాలి, ఎక్కడ ఆపాలి?

ఇలాంటి కేసుల్లో చూసినవారు సాధారణంగా ఉండరు. వైద్య పరీక్షలో ఆనవాళ్లు దొరకకపోవడమూ మామూలే. మిగిలేది బిడ్డ మాట. అది పోలీసులకు చేరేలోపే తల్లి, పిన్ని, టీచరు, ఊరి పెద్దలు తలొకసారి అడిగి ఉంటారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ "ఆ పక్కింటాయనేనా? ఇక్కడ చెయ్యేశాడా?" అని అడిగితే జవాబు ప్రశ్నలోనే ఉంది, బిడ్డ తలూపినా, అది తన జ్ఞాపకమో పెద్దల అనుమానమో తరువాత ఎవరూ తేల్చలేరు. అడిగిందే మళ్లీ అడగడం కూడా ప్రమాదమే. మన తరగతి గదుల్లో మాస్టారు రెండోసారి అడిగారంటే మొదటి జవాబు తప్పన్నమాట. పిల్లలు వెంటనే జవాబు మార్చేస్తారు.

దీని పర్యవసానం ఎంతవరకు పోతుందో అమెరికా చూసింది. కాలిఫోర్నియాలో మెక్‌మార్టిన్ అనే ప్రీస్కూలుపై 1983లో ఆరోపణలు మొదలయ్యాయి. వందలమంది పిల్లలను సూచనలతో నిండిన ప్రశ్నలు అడిగారు. ఏళ్ల తరబడి విచారణ సాగి, 1990లో ఒక్కరికీ శిక్ష పడకుండా ముగిసింది. ఆ పిల్లల్లో నిజంగా ఎవరికైనా అన్యాయం జరిగి ఉంటే, దానిని తెలుసుకునే దారి కూడా ఆ ప్రశ్నలతోనే మూసుకుపోయింది.

ఆ తరువాతి కాలంలో మనస్తత్వవేత్త మైకేల్ లాంబ్, ఆయన సహ పరిశోధకులు రూపొందించినదే ఎన్‌ఐసీహెచ్‌డీ ప్రోటోకాల్, అంటే ఇలాంటి కేసుల్లో పిల్లలను ప్రశ్నించే క్రమపద్ధతి. 2000లో ప్రచురితమైన ఈ పద్ధతి మన దేశంలో చట్టం కాదు. అయినా దాని క్రమం తెలుసుకోదగినది. అసలు విషయానికి ముందే బిడ్డకు కొన్ని నియమాలు చెబుతారు: తెలియకపోతే తెలియదని చెప్పవచ్చు, నేను తప్పు చెబితే సరిదిద్దవచ్చు. చెప్పి వదిలేయరు, పరీక్షిస్తారు కూడా. ఎనిమిదేళ్ల పాపతో "నీకు ముప్పై ఏళ్లు కదా" అంటారు. పాప కాదంటేనే ముందుకు సాగుతారు. ఎదుటి పెద్దమనిషిని కాదనడం మర్యాద కాదని పెంచిన మన పిల్లలకు ఈ మెట్టు మరింత అవసరమని నా అభిప్రాయం.

తరువాత, కేసుతో సంబంధంలేని ఒక సంఘటనను మొదటి నుంచి చివరి వరకు చెప్పిస్తారు. ఇక్కడ పైడితల్లమ్మ సిరిమాను చూడడానికి వెళ్లిన రోజు గురించి అడగవచ్చు. బిడ్డకు వివరంగా చెప్పడం అలవాటవుతుంది, అడిగేవారికి ఆ బిడ్డ ఎంత చెప్పగలదో అర్థమవుతుంది. ఆపైన "ఈరోజు నాతో మాట్లాడడానికి ఎందుకు వచ్చావో చెప్పు", "తరువాత ఏం జరిగింది?", "ఇందాక గది అన్నావు కదా, దాని గురించి ఇంకా చెప్పు" అనే తరహాలో సాగుతుంది. అవును, కాదు అనిపించే ప్రశ్నలు చిట్టచివర, అదీ తప్పనిసరైతేనే. "ఎందుకు అరవలేదు?" అన్న ప్రశ్న ఏ దశలోనూ వద్దు, బిడ్డకు అది నిందగానే వినిపిస్తుంది. తేదీ చెప్పలేని బిడ్డ సంక్రాంతి సెలవులకు ముందో తరువాతో చెప్పగలదు.

మన చట్టం కూడా ఈ దిశలోనే ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 24వ సెక్షన్ ప్రకారం వాంగ్మూలం బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. యూనిఫాం విప్పి, పోలీసు జీపును వీధి మధ్యలో ఆపితే ప్రయోజనం ఏముందో ఎవరికి వారే ఆలోచించాలి. 26వ సెక్షన్ తల్లిదండ్రులో, బిడ్డ నమ్మే మరొకరో ఎదుట ఉండాలంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది: ఎన్‌ఐసీహెచ్‌డీ తరహా పద్ధతులు బిడ్డతో ఒంటరిగా మాట్లాడమంటాయి, ఎందుకంటే తల్లి ముఖం చూస్తూ బిడ్డ మాట మింగేస్తుంది. చట్టాన్ని దాటలేము కనుక, ఆ నమ్మకస్థురాలిని బిడ్డకు ఎదురుగా కాక కొంచెం వెనుక కూర్చోబెట్టి, నోరు మెదపవద్దని ముందే చెప్పడం మేలని నా సూచన. వేధించినవాడు ఇంటివాడే అన్న అనుమానం ఉంటే, ఆ స్థానంలో ఎవరు కూర్చోవాలన్నది బిడ్డనే అడగాలి.

అదే సెక్షన్ బిడ్డ చెప్పినట్టే రాయమంటుంది. "ఒద్దన్నాను, ఇన్నేదు" అన్న పిల్ల మాట కాగితం మీద "నా ప్రతిఘటనను లెక్కచేయక" అని మారితే, కోర్టులో ఆ వాక్యానికి అర్థం అడిగినప్పుడు పిల్ల బిక్కమొహం వేస్తుంది, ఎవరో నేర్పించారన్న వాదనకు బలం చేకూరుతుంది. సీతంపేట వైపు సవర భాష మాట్లాడే గిరిజన పిల్లలకు దుబాసీ కావాలి. ఆ దుబాసీ ప్రశ్నను ఉన్నదున్నట్టు అందించాలే తప్ప తన వివరణ చేర్చకూడదు.

ఉపాధ్యాయులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. నిరూపించే భారం మీది కాదు. బిడ్డ తానుగా చెబితే వినండి, "ఏం జరిగిందో చెప్పు" అన్న ఒక్క ప్రశ్నతో ఆగండి. మీరు అడిగిన మాట, బిడ్డ చెప్పిన మాట అలాగే రాసి, తేదీ, సమయం వేసి, పోలీసులకు తెలియజేయండి. 19వ సెక్షన్ ప్రకారం తెలియజేయడం విధి. దాచితే 21వ సెక్షన్ కింద నేరం. ఎవరికి చెప్పాలో తోచకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు. "ఎవరికీ చెప్పనులే" అని బిడ్డకు మాట ఇవ్వకండి, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. ఇకపై ఎవరు వస్తారో, ఏం అడుగుతారో బిడ్డకు తెలిసే మాటల్లో చెప్పి, తానేమైనా అడగాలనుకుంటే అడగనిచ్చి, తిరిగి తరగతికి వెళ్లాలని ఉందో లేదో కనుక్కొని, అప్పుడే పంపండి.